దవడకు సూది: డబ్లిన్ పరిసరాల్లో ఒక విషం చరిత్ర

కాలిఫోర్నియాలో అలమీడా కౌంటీ తూర్పు భాగాన ఉన్న డబ్లిన్ ఒకప్పుడు మైకేల్ మర్రే, జెరెమయా ఫాలన్ వంటి ఐరిష్ వలసదారులు పశువులను మేపుకున్న కొండవాలు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అక్కడ నౌకాదళ శిబిరాలు వెలిశాయి, 1960 తర్వాత ఇళ్ల కాలనీలు లేచాయి, 1982 ఫిబ్రవరి 1న అది నగరమయింది. 1997లో బార్ట్ రైలు అక్కడిదాకా రావడంతో శాన్ ఫ్రాన్సిస్కోకు ఉద్యోగానికి వెళ్లి రావడం సులువయింది. 2010లో 46,036గా ఉన్న జనాభా 2020 నాటికి 72,589కి పెరిగింది, ఆ పెరుగుదలలో తెలుగు కుటుంబాల వాటా కంటికి ఆనేటంత ఉంది. ఇటువంటి శివారు నగరాల్లో కిరాణా కొట్టుకూ కాఫీ దుకాణానికీ నడుమ పంటి వైద్యశాలలూ, వైద్యుల పర్యవేక్షణలో సౌందర్య చికిత్సలు చేసే మెడ్ స్పాలూ పక్కపక్కనే కనిపిస్తాయి. నిద్రలో పళ్ళు కొరకడం వల్ల దవడ నొప్పితో బాధపడేవారికి బొటాక్స్ సూది వేయడం ఈ రెండు చోట్లా జరుగుతున్నది. నొప్పికి చేసే ఈ చికిత్స ముడతలు పోగొట్టే దుకాణానికి ఎలా చేరిందో తెలియాలంటే, డబ్లిన్‌కు ముప్పై అయిదు మైళ్ల దూరంలోని శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక విషానికి పట్టిన అదృష్టాన్ని వెతకవలసి ఉంటుంది.

పళ్ళు కొరకడం కొత్త రోగమేమీ కాదు. నిద్రలో పిల్లవాడు పటపట పళ్ళు కొరికితే కడుపులో నులిపురుగులున్నాయని తేల్చి మందు పట్టించడం తెలుగు ఇళ్లలో పెద్దల అలవాటు, ఆ నమ్మకం చాలా ఇళ్లలో ఇప్పటికీ పోలేదు. దవడ జారి బాధపెట్టే హనుమోక్షాన్ని సుశ్రుతుడు ఎనిమిది దంతరోగాల్లో ఒకటిగా లెక్కించాడు. ఐరోపాలో ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో వియన్నా దంతవైద్యుడు కరోలీ పళ్ళు కొరికే అలవాటుకూ చిగుళ్ల వ్యాధికీ సంబంధం కలిపి, పళ్ళ మీద తొడిగే పలకను వాడాడు. నేడు నైట్ గార్డ్ అని పిలిచే తొడుగుకు అదే పూర్వరూపం. 1934లో సెయింట్ లూయిస్ నగరంలో చెవి ముక్కు గొంతు వైద్యుడు జేమ్స్ కాస్టెన్, చెవి పోటూ తలనొప్పీ దవడ కీలు అమరిక తప్పడం వల్లనే వస్తాయని వాదించాడు. ఆ వాదం ప్రభావంతో దశాబ్దాల పాటు దంతవైద్యులు పళ్ళను అరగదీసి, కాటును సరిచేసి నొప్పి తగ్గించాలని చూశారు. 1969లో డేనియల్ లాస్కిన్ ఆ దృష్టిని మళ్లించి, నొప్పికి మూలం చాలామందిలో కీలులో కాక, బిగుసుకొని అలసిన కండరంలో ఉందని ప్రతిపాదించాడు.

కీలు మీద పెట్టుకున్న నమ్మకానికి రోగులు చెల్లించిన మూల్యం చిన్నది కాదు. 1980లలో టెఫ్లాన్ కలిసిన పదార్థంతో చేసిన కృత్రిమ దవడ భాగాలను వేలమందికి అమర్చగా, అవి అరిగి రేణువులుగా రాలి చుట్టూ ఉన్న ఎముకను తినివేశాయి. చివరకు అమెరికా ఆహార ఔషధ సంస్థ వాటిని మార్కెట్ నుంచి వెనక్కి రప్పించింది. ఆ దెబ్బ తర్వాత 1996లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు ఏర్పాటు చేసిన నిపుణుల సమావేశం, వెనక్కి తీసుకోగలిగిన సున్నితమైన చికిత్సలకే మొగ్గు చూపమని సలహా ఇచ్చింది. కొన్ని నెలల్లో ప్రభావం దానంతట అదే కరిగిపోయే సూదికి ఈ సలహా దారి సుగమం చేసిందని అనుకోవడం అన్యాయం కాదు.

ఆ సూదిలోని పదార్థం బొటులినం, అంటే గాలి చొరని చోట పెరిగే ఒక బాక్టీరియా స్రవించే విషం. మనిషికి తెలిసిన విషాల్లో ఇంతకంటే తీవ్రమైనది లేదంటారు. పాడయిన సాసేజ్‌లు తిని మరణించినవారి లక్షణాలను జర్మన్ వైద్యుడు, కవి యుస్టినస్ కెర్నర్ 1820లలో పుస్తకాలుగా రాసి, ఈ విషమే కొద్ది మోతాదులో అతిగా కదిలే నరాలకు మందు కావచ్చునని ఊహించాడు. 1895లో బెల్జియంలోని ఎల్జెల్ గ్రామంలో పంది మాంసం తిన్న వాద్యగాళ్లు జబ్బుపడినప్పుడు ఎమిల్ వాన్ ఎర్మెంజెమ్ ఆ బాక్టీరియాను పట్టుకున్నాడు. అయితే కాలిఫోర్నియాకు ఈ విషంతో అసలు పరిచయం ఆలివ్ కాయల వల్ల కలిగింది. 1919 ఆగస్టులో ఒహాయో రాష్ట్రం కాంటన్ నగరం దగ్గర ఒక క్లబ్బు విందులో కాలిఫోర్నియా నుంచి సీసాల్లో వచ్చిన మగ్గిన ఆలివ్‌లు తిని ఏడుగురు చనిపోయారు. తరువాతి నెలల్లో మరికొన్ని నగరాల నుంచి అటువంటి వార్తలే రావడంతో ఆలివ్ వ్యాపారం కుప్పకూలింది. డబ్బా ఆహార పరిశ్రమను నిలబెట్టుకోవడం రాష్ట్రానికి ప్రాణసంకటమైంది. శాన్ ఫ్రాన్సిస్కోలోని హూపర్ పరిశోధన సంస్థలో కార్ల్ మేయర్ బృందం ఈ పనికి పూనుకొని, ఆ బాక్టీరియా బీజాలు కాలిఫోర్నియా మట్టిలో విస్తారంగా ఉన్నాయని చూపించింది. ఆవిరి ఒత్తిడితో 240 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా వేడి చేస్తే తప్ప ఆలివ్ సీసా నమ్మదగినది కాదని అధికారులు తేల్చారు. స్టాన్‌ఫర్డ్‌లో జార్జినా బర్క్ ఈ విషంలో ‘ఎ’, ‘బి’ అనే రెండు రకాలను 1919లోనే వేరు చేసింది. 1920లలో హూపర్‌లోనే హెర్మన్ సోమర్ ‘ఎ’ రకాన్ని శుద్ధి చేసే మార్గం కనిపెట్టాడు. నేడు దవడలోకి ఎక్కించేది ఆ ‘ఎ’ రకమే. వంటింటి భద్రత కోసం చేసిన కృషి ఫలితం కంటి ఆసుపత్రికీ, అక్కడి నుంచి చెంప దగ్గరికీ చేరడం చరిత్రలో అరుదైన మలుపు.

ఆ మలుపుకు యుద్ధం కూడా ఒక చెయ్యి వేసింది. రెండో ప్రపంచయుద్ధంలో శత్రువు దీన్ని ఆయుధంగా వాడవచ్చునన్న భయంతో మేరీలాండ్‌లోని క్యాంప్ డెట్రిక్‌లో (నేటి ఫోర్ట్ డెట్రిక్) సైన్యం ఈ విషాన్ని పెద్ద ఎత్తున తయారు చేయించింది, 1946లో అక్కడివారే దాన్ని స్ఫటికరూపంలోకి తెచ్చారు. కండరాన్ని కదిలించడానికి నరం విడుదల చేసే అసెటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని ఈ విషం బయటికి రానీయదని 1949లో లండన్ శాస్త్రవేత్తలు రుజువు చేశారు. శాన్ ఫ్రాన్సిస్కోలో స్మిత్-కెటిల్‌వెల్ సంస్థకు చెందిన నేత్రవైద్యుడు అలన్ స్కాట్, మెల్లకన్నును కత్తి లేకుండా సరిచేయాలంటే బిగువైన కంటి కండరాన్ని కొంతకాలం సడలించగల మందు కావాలని వెతుకుతూ, డెట్రిక్‌లో పనిచేసిన ఎడ్వర్డ్ షాంట్జ్ నుంచి ఈ విషం తెప్పించుకున్నాడు. కోతుల మీద ప్రయోగాల ఫలితాలను 1973లో, మనుషుల మీది ఫలితాలను 1980లో ప్రకటించాడు. 1979 నవంబరులో షాంట్జ్ తయారుచేసిన ఒక్క విడత విషమే 1997 దాకా అమెరికాలో రోగులకు సరిపోయిందంటే, ఎంత సూక్ష్మమైన మోతాదులు వాడతారో అర్థమవుతుంది. 1989 డిసెంబరులో మెల్లకన్నుకూ, కనురెప్పలు ఆగకుండా బిగుసుకొనే వ్యాధికీ ప్రభుత్వ ఆమోదం లభించింది. రెండేళ్లకు అలర్గాన్ సంస్థ దాని హక్కులు కొని బొటాక్స్ అని పేరు పెట్టింది. (ఆ అలర్గాన్ 2015 నుంచి అయిదేళ్ల పాటు కాగితాల మీద ఐర్లండ్‌లోని డబ్లిన్ సంస్థగా ఉంది. కాలిఫోర్నియా డబ్లిన్‌కు పొరుగున ఉన్న ప్లెజంటన్‌లో కొవ్వును చల్లబరిచి కరిగించే యంత్రాలు చేసే జెల్టిక్‌ను 2017లో కొన్నది కూడా అదే.)

సౌందర్యం ఈ కథలోకి ఆలస్యంగా ప్రవేశించింది. కెనడాలోని వాంకూవర్‌లో కనురెప్పల వ్యాధికి సూది వేయించుకున్న ఒకామె తన కనుబొమల మధ్య ముడతలు పోయాయని గమనించి చెప్పడంతో, నేత్రవైద్యురాలు జీన్ కారదర్స్, చర్మవైద్యుడైన ఆమె భర్త అలస్టెయిర్ ఆ దారిని అనుసరించి 1992లో పరిశోధన ప్రచురించారు. ముడతలకు అమెరికాలో ఆమోదం 2002 ఏప్రిల్‌లో వచ్చింది. దవడ విషయంలో మాత్రం వైద్యం ముందుంది. మెదడు దెబ్బ తిని భయంకరంగా పళ్ళు కొరికే రోగికి ఈ సూది పనిచేసిందని 1990లోనే బెల్జియం వైద్యులు నివేదించారు. ఉబ్బిన మాసెటర్ కండరం, అంటే చెంప ఎముక నుంచి దవడ మూల దాకా దిగే నమిలే కండరం, ఈ సూదితో సన్నబడుతుందని 1994లో వెలువడిన నివేదికలు చెప్పాయి. తర్వాత కొరియాలోనూ తూర్పు ఆసియాలోనూ ముఖం కోలగా కనబడటానికి అదే కండరానికి సూది వేయించుకోవడం పెద్ద వ్యాపారమయింది. నొప్పి కోసమైనా అందం కోసమైనా సూది వేసే చోటు ఒకటే కాబట్టి, రెండు వృత్తులూ ఒకే చెంప దగ్గర కలుసుకున్నాయి.

సూది వేసే పద్ధతి చూస్తే ఈ కలయిక బాగా తెలుస్తుంది. పళ్ళు గట్టిగా బిగించమని చెప్పి చెంప మీద ఉబికిన కండరాన్ని వేళ్లతో తడిమి, చెవి తమ్మె నుంచి నోటి మూలకు ఒక గీత ఊహించి, దానికి దిగువన, కండరం ముందు అంచుకు కాస్త వెనకగా మూడు నుంచి అయిదు చోట్ల మందును కొద్దికొద్దిగా దింపుతారు. గీతకు పైన లాలాజల గ్రంథి నాళం ఉంటుంది, మరీ ముందుకు పోతే నవ్వును పక్కకు లాగే కండరం సడలి నవ్వు వంకరపోతుంది. పక్కకు ఇరవై, ముప్పై యూనిట్లు వాడటం మామూలు. ఒక యూనిట్ అంటే ఎలుకల గుంపులో సగాన్ని చంపగల మోతాదు. ఆ కొలత ఈ మందు పుట్టుక ఎక్కడిదో నేటికీ చెబుతున్నది. రెండు వారాల్లో బిగువు తగ్గుతుంది, మూడు నాలుగు నెలల్లో నరం కొత్త కొసలు వేసుకొని కండరం తిరిగి పనిలోకి వస్తుంది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పవలసి ఉంది. నిద్రలో పళ్ళు కొరకడం దవడలో మొదలవదు, నిద్రలో మెదడు క్షణకాలం మేలుకొనే ఘట్టాలతో అది ముడిపడి ఉందని నిద్ర పరిశోధన చూపించింది. సూది ఆ ఘట్టాలను ఆపదు, కొరికే బలాన్ని మాత్రమే తగ్గిస్తుంది. 2018లో ప్రచురితమైన ఒక అమెరికన్ పరీక్షలో నిజమైన మందు పొందిన పదముగ్గురిలో ఆరుగురు బాగా మెరుగుపడ్డారు, ఉత్తుత్తి సూది పొందిన తొమ్మిదిమందిలో ఒక్కరూ అంతగా మెరుగుపడలేదు. అదే పరీక్షలో మందు పొందినవారిలో ఇద్దరు తమ నవ్వు మారిందన్నారు. ఇంత చిన్న పరీక్షలతో ప్రభుత్వ ఆమోదం రాదు, అందువల్ల ఆహార ఔషధ సంస్థ ఈ మందును పళ్ళు కొరకడానికి గానీ దవడ నొప్పికి గానీ అనుమతించలేదు. అనుమతించిన మందును వేరొక వ్యాధికి వాడే స్వేచ్ఛ వైద్యునికి ఉన్నందువల్లనే ఇది సాగుతున్నది.

ఆమోదం లేనప్పుడు బీమా సంస్థ సాధారణంగా డబ్బు ఇవ్వదు. దానికి తోడు అమెరికాలో పంటి బీమా వేరు, ఒంటి బీమా వేరు కావడంతో పంటికీ ఒంటికీ మధ్య ఉన్న దవడ ఎటూ చెందకుండా పోయింది. 2020లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీలు దవడ కీలు రుగ్మతలపై వెలువరించిన నివేదిక ఈ చీలికను ప్రధాన లోపంగా ఎత్తిచూపింది. జేబులోంచి చెల్లించక తప్పని చికిత్సకు, మొదటి నుంచీ నగదు మీదే నడిచే సౌందర్యశాల సహజమైన చోటయింది. పంటి డాక్టరు నైట్ గార్డ్ రాసి, బాధ తగ్గకపోతే సూది గురించి చెబుతాడు. మెడ్ స్పా వారు అదే సూదికి దవడ సన్నబడుతుందన్న మాట కూడా జోడిస్తారు. కాలిఫోర్నియాలో దంతవైద్యుడు ఈ మందును పంటి వైద్యంలో భాగంగానే వాడాలి, కేవలం అందం కోసం వాడటం అతని పరిధిలోకి రాదు. మెడ్ స్పా నడిపే సంస్థలో పెద్ద వాటా వైద్యునిదే కావాలి. ఒకే సీసా మందు ఒక చోట వైద్యం, మరో చోట అలంకారం అనిపించుకోవడానికి రసాయనం కారణం కాదు, లైసెన్సూ బిల్లూ కారణం. భారతదేశంలో బి.డి.ఎస్. చదివి, శాన్ ఫ్రాన్సిస్కోలోని విశ్వవిద్యాలయాల్లో రెండేళ్ల కోర్సు ముగించి అక్కడే వృత్తిలో స్థిరపడే తెలుగు దంతవైద్యులకు వైద్యానికీ అలంకారానికీ నడుమ ఈ గీత ఎక్కడుందో బాగా తెలుసు.

ఉపశమనం నాలుగు నెలలకు ముగుస్తుంది కనుక చాలామంది ఏడాదికి రెండు మూడు సార్లు తిరిగి వస్తారు. నమిలే బరువు తగ్గితే దవడ కీలు దగ్గరి ఎముక పలచబడుతుందని జంతువుల మీది పరిశోధనలు చూపగా, మనుషుల విషయంలో ఫలితాలు ఒక్క తీరున లేవు. ఆ మందు శరీరంలో దూరంగా పాకి మింగడానికీ ఊపిరికీ ఇబ్బంది కలిగించవచ్చునన్న హెచ్చరికను 2009 నుంచి మందు సమాచార పత్రంలో నల్ల గీతల చట్రంలో ముద్రిస్తున్నారు. నొప్పి కోసం వచ్చినా, సన్నని దవడ కోసం వచ్చినా సూదికి ముందు వారు సంతకం చేసే అంగీకార పత్రంలో ఈ హెచ్చరిక ఉంటుంది.