పెద్దల ఆదరణ – దయ నుండి హక్కు వరకు

శతవార్షికోత్సవము జరుపుకొనుచున్న ఈ శుభసమయమున కట్టడములను గూర్చి, తొలి మిషనరీలను గూర్చి వ్రాయువారు చాలమంది ఉందురు. మేము మాత్రము ప్రతి ఆదివారము ముందు బల్లలపై కూర్చుండు మన పెద్దలను గూర్చి వ్రాయదలచితిమి.

మన భీమునిపట్నములో వారి స్థితి మా కళ్ళెదుటనే మారినది. చిట్టివలస జనపనార మిల్లు 2009లో మూతపడినది. బిడ్డలు పనుల కొరకు విశాఖపట్నమునకు, హైదరాబాదునకు, గల్ఫు దేశములకు వెళ్ళిరి. ఇంటిలో తల్లిదండ్రులు మిగిలిరి. వారినెవరు చూడవలెను?

ఈ ప్రశ్న సంఘమునకు క్రొత్తది కాదు. విధవరాండ్రకు అనుదిన ఆహారము పంచు విషయమై సణుగు పుట్టగా ఏడుగురిని ఏర్పరచిన సంగతి అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయములో చదువుచున్నాము. తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయములో పౌలు ఒక వరుస చెప్పెను: బిడ్డలున్నవారిని ముందు బిడ్డలు చూడవలెను, ఎవరును లేనివారి భారము సంఘముది. ఈ వరుసను చదువరులు గుర్తుంచుకొనగోరుచున్నాము.

వృద్ధాశ్రమముల చరిత్ర ఇటువంటి దయతోనే మొదలైనది. 1839లో ఫ్రాన్సు దేశమున జాన్ జూగాన్ అను పేదరాలు ఒక గ్రుడ్డి వృద్ధురాలిని తన గదికి తెచ్చి, తన పడకను ఆమెకిచ్చెను. ఆ విధముగా పుట్టిన లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ సభ 1882లో కలకత్తాకు వచ్చి, తరువాత సికింద్రాబాదులోను వృద్ధులకు గృహము తెరచినది. మన విశాఖపట్నములో 1930లో స్థాపింపబడిన ప్రేమ సమాజము అనాథ బాలలతోపాటు వృద్ధులకును నీడనిచ్చినది. 1978లో హెల్పేజ్ ఇండియా ఏర్పడినది. ఇవన్నియు పుణ్యకార్యములే. అయితే ఇట్టి ఆశ్రయము దయపై ఆధారపడినదే గాని వృద్ధులు హక్కుగా అడుగగలిగినది కాదు.

ప్రభుత్వము మెల్లగా మేల్కొన్నది. 1995లో ఆరంభమైన జాతీయ వృద్ధాప్య పింఛను నెలకు 75 రూపాయలు. మన రాష్ట్రములో 2024 జూలై నుండి అది 4,000 రూపాయలైనది. 1999లో వృద్ధుల జాతీయ విధానము వచ్చెను. 2007లో పార్లమెంటు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము చేసినది. మన రాష్ట్రములో దాని నియమములు 2011లో వెలువడినవి.

ఈ చట్టము చెప్పు వరుసయు పౌలు చెప్పిన వరుసవంటిదే. ముందు బాధ్యత బిడ్డలది, యుక్తవయస్సు వచ్చిన మనుమలది. సంతానము లేని పెద్దలకు వారి ఆస్తి పొందు బంధువులది. దిక్కులేని బీదల కొరకు జిల్లాకొకటైన, 150 మందికి తక్కువ కాకుండ చోటుండు వృద్ధాశ్రమమును ప్రభుత్వము స్థాపింపవచ్చునని 19వ సెక్షను చెప్పుచున్నది. పోషణ కోరువారు ట్రిబ్యునలులో అర్జీ పెట్టుకొనవచ్చును. ప్లీడరు అక్కరలేదు. చట్టములోని గరిష్ఠ పరిమితి నెలకు 10,000 రూపాయలు. 2022 ఏప్రిల్‌లో భీమునిపట్నము రెవెన్యూ డివిజను కేంద్రమైనందున మనము దూరము పోనక్కరలేదు.

ఇక ఒక బాధాకరమైన సంగతి. మా సంఘములోని ఒక విధవరాలు తన ఇంటిని కుమారునికి దానపత్రము వ్రాసి యిచ్చెను. రెండేండ్లు గడువకముందే ఆమె ఆ ఇంటి వసారాకు పరిమితమయ్యెను. మేము పత్రము తెప్పించి చదివితిమి. తన్ను పోషింపవలెనను మాట ఒక్కటియు అందులో లేదు. చట్టము 23వ సెక్షను ప్రకారము, పోషించు షరతుపై ఇచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పినచో, రద్దుచేయవచ్చును. అయితే షరతు ఉన్నదని రుజువు కావలెనని సుప్రీంకోర్టు 2022లో చెప్పినది. 2025 జనవరిలో అదే కోర్టు, ఈ చట్టమును వృద్ధులకు మేలు కలుగునట్లు ఉదారముగా చదువవలెనని చెప్పి, ఒక తల్లికి ఆస్తి తిరిగి ఇప్పించినది. ఆ తల్లి కాగితములలో పోషణ మాట ఉన్నది. మా సహోదరికి రాజీ మీద నెలనెలా కొంత సొమ్ము వచ్చుచున్నది. ఇల్లు మాత్రము రాలేదు.

కనుక పెద్దలారా, దస్తావేజు వ్రాయునప్పుడు పోషణ షరతును స్పష్టముగా వ్రాయించుడి. ప్రేమపై అపనమ్మకము వలన కాదు, ప్రేమకు సాక్ష్యముగా.

ఆశ్రమమునకు పోవలసివచ్చినప్పుడు అది ఉచితమైనదా, రుసుము తీసికొనునదా ముందుగా తెలిసికొనవలెను. రుసుము చెల్లించు గృహములను గూర్చి 2019లో కేంద్ర ప్రభుత్వము రాష్ట్రములకు నమూనా సూత్రములు పంపినది. వ్రాతపూర్వకమైన ఒప్పందమున్నదా? రాత్రివేళ జబ్బు చేసినచో ఎవరు చూతురు? మెట్లకు బదులు వాలుదారి, స్నానపు గదిలో పట్టుకొను కమ్మీలు ఉన్నవా? మంచము పట్టిన తరువాత ఉండనిత్తురా? డిపాజిటు తిరిగి ఇత్తురా? ఇవి అడుగుటకు సిగ్గుపడరాదు. సలహా కొరకు 14567 అను ఉచిత ఫోను నంబరు కలదు.

మరి చట్టము ఇప్పించగలిగినది అన్నమునకు సొమ్ము, తలపై కప్పు. సాయంకాలము ప్రక్కన కూర్చుండువారిని అది ఇప్పించలేదు. ఆ పని మనది. ఈ శతవార్షికోత్సవపు జ్ఞాపకముగా ప్రతి సంఘము తమ ఒంటరి పెద్దల పేర్ల పట్టిక వ్రాసికొని, వారమునకొకసారి వారి గుమ్మము ఎక్కవలెనని మా మనవి.