వాలుగ దవడ (పత్తి దువ్వే సాధనము)

వాలుగ దవడ శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఖద్దరుకు కావలసిన పత్తిని శుభ్రపరచుటకు వాడే సాధనము. వాలుగ మంచినీటి చేప. దాని దవడపై సన్నని పళ్ళు గుంపులుగా, లోపలికి వంగి ఉంటాయి. కనుక వేరే దువ్వెన చేయనక్కరలేదు.

ఇక్కడి కొండపత్తి, పునాసపత్తి పీచు పొట్టిది. గట్టిగా లాగితే తెగుతుంది. నలుసులు మిగిలితే వడికేటప్పుడు నూలు తెగుతుంది. అందుకే గింజ తీయకముందే దువ్వుతారు. ఈ పద్ధతిలోని అసలు నేర్పు ఇదే: గింజ పీచు మొదళ్ళను పట్టి ఉంచుతుంది, పళ్ళు నలుసులను లాగి పీచును ఒకే వరుసకు తెస్తాయి.

తరువాత చెక్కపలకపై ఇనుప కడ్డీని దొర్లించి గింజలు వేరుచేస్తారు. ఏకులను ఎండిన అరటి దొప్పలో ఉంచి, ఒంటి కదురు రాట్నంపై వడుకుతారు. 100 నంబరు నూలు అనగా ఒక పౌండు బరువుకు 84,000 గజముల పొడవు.