చిన్న యంత్రము నేర్పిన పాఠము

మిర్యాలగూడ బియ్యపు మిల్లుల బాయిలర్లను చూచి పెరిగిన బాలుడు చిన్న ఆవిరి యంత్రమును స్వయముగా చేయ గోరుట సహజము. అట్టివాడు వినవలసిన కథ యొకటి కలదు.

1763లో గ్లాస్గో విశ్వవిద్యాలయమువారు న్యూకమెన్ యంత్రపు నమూనాను బాగుచేయుటకై జేమ్సు వాట్టున కిచ్చిరి. దాని సిలిండరు వ్యాసము 2 అంగుళములు. బాగుచేసిన పిమ్మటను అది కొద్దిమార్లు కదలి నిలిచిపోయెడిది. వాట్టు విసుగుచెందక కారణమును వెదకెను. కొలతలన్నియు సగమైనచో లోపలి చోటు ఎనిమిదవ వంతగును. గోడల వైశాల్యము మాత్రము నాలుగవ వంతే యగును. కనుక చిన్న యంత్రమున వేడిమి గోడలపాలగుట హెచ్చు. పైగా ప్రతిమారును సిలిండరులో చన్నీరు చిమ్మి చల్లార్చి, మరల కాచవలెను. ఈ నష్టమును గ్రహించియే 1765లో ఆవిరిని వేరొక పాత్రలో చల్లార్చు నుపాయమును కనుగొనెను.

కావున మీ తొలి యంత్రము తిరుగకున్నచో పారవేయకుడు. ఏల నిలిచెనో పరీక్షింపుడు.