గీత దాటిన బంతి

కరోల్ బాగ్ మెట్రో దిగి, పూసా రోడ్డు మీదుగా పాత రాజిందర్ నగర్ వైపు నడుస్తున్నారు మీరు. రాత్రి తొమ్మిది దాటినా రోడ్డు సెగ చెప్పుల్లోంచి అరికాలికి తగులుతోంది. 2024 జూన్ 11, మంగళవారం. వచ్చే ఆదివారమే సివిల్స్ ప్రిలిమ్స్. మే 26న జరగాల్సిన పరీక్ష ఎన్నికల మూలంగా ఇక్కడిదాకా వచ్చింది. జిరాక్స్ షాపుల ముందు ఇంకా జనం ఉన్నారు. లైబ్రరీల కిటికీల్లో తెల్లటి ట్యూబులైట్లు, వాటి కింద వంచిన తలలు. ఈ వేసవిలో ఢిల్లీకి నీళ్ల కటకట. సందు మొదట్లో ఖాళీ డబ్బాలు వరస పెట్టి ఉన్నాయి.

ఆ సందులోనే ఒక తెలుగు మెస్. ఇరుకు మెట్లెక్కి లోపలికి రండి. వడ్డన అయిపోయింది. గోంగూర వాసన మాత్రం మిగిలి ఉంది. మూల బల్ల మీద లక్ష్మీకాంత్ పాలిటీ పుస్తకానికి ఆనించి ఒక ల్యాప్‌టాప్. దాని చుట్టూ ఏడెనిమిది మంది. ఇప్పటిదాకా నడిచిన కబుర్లన్నీ రేపు పొద్దున కేసరపల్లిలో జరగబోయే చంద్రబాబు ప్రమాణస్వీకారం మీదే. తొమ్మిదింపావుకి దోహాలో విజిల్ పడగానే ఆ కబుర్లు ఆగాయి. ఖతర్‌తో మనవాళ్ల ప్రపంచకప్ క్వాలిఫయర్. వేదిక జాసిమ్ బిన్ హమద్ స్టేడియం.

మీకు చోటిచ్చింది సికింద్రాబాద్ అన్న. ఇది ఆయనకు ఆఖరి అటెంప్టు. ఎదురుగా భీమవరం కుర్రాడు, మొన్న ఆదివారం న్యూయార్క్‌లో పాకిస్తాన్‌పై ఆరు పరుగులతో గెలిచిన క్రికెట్ మ్యాచ్ మత్తులోంచి ఇంకా బయటపడలేదు. గోడవార నిజామాబాద్ అక్క, చేతిలో కరెంట్ అఫైర్స్ నోట్సు, చూపు మాత్రం తెర మీద. మన అమ్మాయిల జట్టుకు ఆడే గుగులోత్ సౌమ్య తమ జిల్లా బిడ్డ అని ఆమెకు గర్వం.

"గెలిస్తే ఏంటన్నా మనకి?" కుర్రాడు అడిగాడు.

అన్న వేళ్ల మీద లెక్క చెప్పాడు. గ్రూపులో ఖతర్ ఎప్పుడో గట్టెక్కింది. రెండో బెర్తు కోసం మనకీ అఫ్గానిస్తాన్‌కీ ఐదేసి పాయింట్లు, కువైట్‌కు నాలుగు. గెలిస్తే ఎనిమిది. ఇంతవరకూ మన జట్టు తొక్కని మూడో రౌండ్ గడప తొక్కొచ్చు, 2027 ఆసియా కప్‌కు నేరుగా పోవచ్చు. సునీల్ ఛెత్రీ ఐదు రోజుల కిందటే కోల్‌కతాలో కువైట్‌తో ఆఖరి మ్యాచ్ ఆడేశాడు, అది 0-0. ఈ రాత్రి కెప్టెన్ గోల్‌కీపర్ గుర్‌ప్రీత్.

"మరి ఖతర్‌వాళ్లు పంపింది బి టీమ్ అంటగా. అక్రమ్ అఫీఫ్ లేడు, అల్మొయిజ్ అలీ లేడు, అంతా పిల్లకాయలే. రిజర్వులని ఓడిస్తే అదేం గెలుపన్నా?"

ఫిబ్రవరిలో ఆసియా కప్ ఫైనల్లో జోర్డాన్‌పై మూడు పెనాల్టీలు కొట్టి కప్పు తెచ్చినవాడు ఆ అఫీఫ్. కుర్రాడి అనుమానం ఊరికే కొట్టిపారేసేది కాదు. కానీ అన్న దగ్గర జవాబు సిద్ధంగా ఉంది.

"2012ల, గీ ఢిల్లీలనే, నెహ్రూ స్టేడియంల నెహ్రూ కప్ ఫైనల్ అయింది. కామెరూన్ పంపింది రెండో జట్టునే. 2-2 అయితే పెనాల్టీల మీద గెలిచినం. కప్పు వద్దని ఎవడన్నా అన్నడా? బెంచి మీద కూసున్నోడు కాళ్లు కట్టుకొని కూసుంటడా తమ్మీ? వానికే ఆకలెక్కువ. ఐదు రోజుల కింద గీ పిల్లలే అఫ్గానిస్తాన్‌తోని 0-0 ఆడిన్రు."

అక్క నోట్సు మూసింది. "యూపీఎస్సీకి రిజర్వ్ లిస్ట్ ఉంటది. ఆ లిస్టుల వచ్చిన ఆఫీసర్ సంతకం చెల్లదా?"

ఈ బల్ల దగ్గర ఆ ప్రశ్నకు ఉన్న బరువు బయటివాళ్లకు తెలియదు. రిజర్వ్ లిస్ట్ కబురు కోసం నెలల తరబడి ఫోన్ చూసుకున్న సీనియర్లు ఈ సందులో ప్రతి బిల్డింగ్‌లోనూ ఉంటారు. కుర్రాడు మారు మాట్లాడలేదు.

37వ నిమిషం. బ్రాండన్ ఫెర్నాండెజ్ బంతి అందించాడు, ఛాంగ్తే గోల్‌లోకి పంపాడు. బల్ల మీద స్టీలు గ్లాసులు ఎగిరిపడ్డాయి. వంటింట్లోంచి మెస్ అన్న గరిటెతోనే పరిగెత్తుకొచ్చాడు. ఎవరో మీ భుజం పట్టుకుని ఊపేస్తున్నారు, పేరు తెలియదు, అక్కర్లేదు. ఖతర్ గడ్డ మీద ఖతర్‌పై ఆధిక్యం! 2019 సెప్టెంబర్‌లో ఇదే స్టేడియంలో, అసలు సిసలు ఆసియా చాంపియన్ ఖతర్‌ను 0-0తో ఆపినప్పుడూ గుర్‌ప్రీతే కెప్టెన్. ఆ రాత్రి సంగతి అన్న విరామం రాగానే చెప్పుకొచ్చాడు.

విరామంలోనే హైదరాబాద్ ప్రస్తావన వచ్చింది. రహీం సాబ్ ఎవరో కుర్రాడికి ఏప్రిల్‌లో విడుదలైన 'మైదాన్' సినిమా వల్ల తెలుసు. 1951లో ఇదే ఢిల్లీలో, నేషనల్ స్టేడియంలో ఇరాన్‌ను 1-0తో ఓడించి తొలి ఆసియా క్రీడల బంగారం గెలిచిన జట్టుకు కోచ్ ఆయనే. సినిమాలో కనిపించే కథ కన్నా అన్నకు ఇంకో కథ ఇష్టం. 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో రహీం సాబ్ కొడుకు హకీం ఉన్నాడు. సికింద్రాబాద్ అమ్ముగూడ బలరాం హంగరీ మీదా పెరూ మీదా గోల్స్ కొట్టాడు. హకీంకు ఒక్క మ్యాచూ దక్కలేదు. కోచ్ కన్నతండ్రి అయినా బెంచీయే. ఆ రిజర్వు ఆటగాడే తర్వాత ఫిఫా బ్యాడ్జీ రెఫరీ అయ్యాడు, 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో జట్టుకు సహాయ కోచ్ అయ్యాడు.

రెండో సగం మొదలైంది. కూలర్‌లో నీళ్లు అయిపోయి వేడిగాలి కొడుతోంది. ఎవరూ లేవలేదు.

73వ నిమిషం. ఖతర్‌కు ఫ్రీకిక్. గాల్లో వచ్చిన బంతిని యూసుఫ్ ఐమెన్ తలతో కొట్టాడు. గుర్‌ప్రీత్ పడిపోయి ఆపాడు. బంతి ఆయన నుంచి జారి గోల్‌పోస్టు పక్కగా గీత దాటింది. గుర్‌ప్రీత్ అలాగే కూర్చున్నాడు, ఇక కార్నర్ కిక్కే గదా అని. ఈలోగా హాష్మీ హుస్సేన్ కాలితో ఆ బంతిని వెనక్కి లాగాడు. ఐమెన్ నెట్‌లోకి తోశాడు. దక్షిణ కొరియా రెఫరీ కిమ్ వూ-సంగ్ గోల్ ఇచ్చేశాడు. మనవాళ్లు చుట్టుముట్టారు. చేతులు గీత వైపు చూపిస్తున్నాయి. ఈ రౌండ్‌లో వీడియో రెఫరీ లేడు. మైదానంలో ఉన్న కళ్లు చూసిందే తీర్పు.

"బయటికి పోయింది! బయటికి పోయింది!" అక్క లేచి నిలబడి అరుస్తోంది. నోట్సు కింద పడింది.

రీప్లే వచ్చింది. అన్న ల్యాప్‌టాప్ ఆపి, వంటింట్లోంచి నిమ్మకాయ తెప్పించాడు. బల్ల అంచు గీత అనుకోమన్నాడు. నిమ్మకాయను అంచు మీద సగం బయటికి పెట్టాడు. "ఇప్పుడు?" లోపలే. ఇంకొంచెం జరిపాడు; కిందిభాగం అంచు దాటింది గానీ పొట్ట ఇంకా అంచు మీదికి వంగి ఉంది. "ఇప్పుడు కూడ లోపలనే. రూల్ ఏమంటది? బంతి మొత్తం దాటాలె, నేల మీదనన్న గాని, గాల్లనన్న గాని." తర్వాత నిమ్మకాయను అంచుకు పూర్తిగా అవతల, అరచేతిలో పట్టుకున్నాడు. "గిది నేటి బంతి." మీరూ వంగి చూడండి. తెర మీద గీత, దాని అవతల బంతి. ఏ కోణంలో తిప్పి చూసినా అవతలే.

2022 ప్రపంచకప్‌లో, అదే ఖతర్‌లో, స్పెయిన్‌పై జపాన్ గోల్‌కు ముందు మితోమా గీత మీద నుంచి తీసిన బంతి 1.88 మిల్లీమీటర్ల తేడాతో లోపలే ఉందని యంత్రాలు తేల్చాయి. ఏడాదిన్నర తిరిగేసరికి అదే దేశంలో, కెమెరాకు కనిపించింది రెఫరీకి చెప్పేవాడు లేడు. పెద్ద జట్లు ఆడే దశకు సాంకేతికత, కింది మెట్టు మీద ఉన్నవాళ్లకు అదృష్టం! అసలు అన్యాయం ఇక్కడ ఉంది. కిమ్ వూ-సంగ్ ఒక్కడి తప్పు దాని తర్వాతే వస్తుంది.

"జకార్తాలో మన చేతిలో ఓడిన కసి తీర్చుకున్నారు కొరియావాళ్లు," అన్నాడు కుర్రాడు. 1962 ఆసియా క్రీడల ఫైనల్ 2-1, సినిమా నుంచి గుర్తు.

అన్న మొహం మారింది. "గా మాట అనకు. రెఫరీ చూడలే, తప్పు చేసిండు. దేశాన్ని లాగకు. 1982ల ఇదే ఢిల్లీల, సెమీస్ ఓడినంక ఉత్తర కొరియావాళ్లు రెఫరీని కొట్టిన్రు. రెండేండ్ల నిషేధం పడ్డది. గట్లనే మొదలైతది."

85వ నిమిషంలో అహ్మద్ అల్ రావీ రెండో గోల్ కొట్టాడు. 2-1. అక్కడ కువైట్ 1-0తో అఫ్గానిస్తాన్‌ను ఓడించింది. కువైట్ ఏడు పాయింట్లతో పైకి, మనం ఐదుతో ఇంటికి.

ఇప్పుడు మెస్‌లో గొడవ అసలు రూపం తీసుకుంది. "విజిల్ పడేదాకా ఆడాలి కదన్నా. గుర్‌ప్రీత్ ఎందుకు కూర్చున్నాడు?" "బంతి బయట ఉంటే ఏం ఆడాలె?" "పిల్లకాయల టీమ్ మీద ఒక గోల్ కాపాడుకోలేక రెఫరీ మీద పడితే ఎలా?" "1-1 అయినా కువైట్ గెలిచినంక మనం పోయేవాళ్లమే." "గా గోల్ ఇయ్యకపోతే మనోళ్ల గుండె జారేదా?"

నా మాట సూటిగా చెబుతాను. రిజర్వు జట్టుతో ఓడినవాళ్లకు రెఫరీని అడిగే హక్కు లేదనే వాదన నేను ఒప్పుకోను. నిబంధన బలవంతుడికి ఎంతో, ఆధిక్యాన్ని ఇరవై నిమిషాలు కాపాడుకోవడమే గండంగా ఉన్న జట్టుకూ అంతే. అయితే ఈ గోల్ వెనకాల గౌహతిని దాచడమూ ఒప్పుకోను. మార్చి 26న సొంతగడ్డ మీద, ఛెత్రీ నూట యాభయ్యో మ్యాచ్‌లో, అతని పెనాల్టీతో ముందుకెళ్లి కూడా అఫ్గానిస్తాన్ చేతిలో 2-1తో ఓడాం. అక్కడ గీత లేదు, కొరియా లేదు. ఆ మూడు పాయింట్లు చేతిలో ఉంటే దోహా రాత్రి ఇంత బరువెక్కేది కాదు.

అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడు కల్యాణ్ చౌబే, తనూ ఒకప్పటి గోల్‌కీపరే, విచారణ కోరుతూ ఫిఫాకూ ఆసియా సమాఖ్యకూ రాశారు. ఫలితం మారలేదు. జూన్ 17న కోచ్ ఇగోర్ స్టిమాచ్‌ను తీసేశారు. ఆ ఏడాది భారత జట్టు ఒక్క మ్యాచూ గెలవలేదు. నేరుగా దొరకాల్సిన ఆసియా కప్ బెర్తు కోసం మళ్లీ క్వాలిఫయర్లు ఆడి, 2025 అక్టోబర్ 14న మార్గావ్‌లో సింగపూర్ చేతిలో 2-1తో ఓడడంతో ఆ తలుపూ మూసుకుంది. ఈ బల్ల చుట్టూ ఉన్నవాళ్లకు ఇవేవీ ఇంకా తెలియవు.

మెస్ అన్న లైటు ఒకటి ఆర్పి, "పదకొండున్నరైంది, ఇళ్లకెళ్లండమ్మా, ఆదివారం పరీక్ష," అంటున్నాడు.

"అన్నా, రెఫరీ కావాలంటే కూడా పరీక్ష ఉంటదా?" అక్క అడిగింది.

"ఉంటది. రూల్స్ మీద రాత పరీక్ష, ఆ పైన పరుగు పరీక్ష."

"ఆడవాళ్లకు?"

"అందరికీ ఒక్కటే రూల్స్ బుక్."

ఆమె కింద పడిన నోట్సు తీసి, చివరి పేజీలో ఏదో రాసుకుంది. కుర్రాడు ల్యాప్‌టాప్ మళ్లీ తనవైపు తిప్పుకుని 73వ నిమిషానికి లాగాడు. "ఇక్కడ లైన్స్‌మన్ ఎక్కడున్నాడో చూపించండన్నా. అతనికి కనపడాలి కదా?"

అన్న కుర్చీ లాక్కున్నాడు. "ఆపు. ఇంకొంచెం వెనక్కి పో."