బోర్డు నుండి కంపెనీల దాకా – ఒక గుమాస్తా చూసిన విభజన

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు తప్పించుకోబోయాను. 1973లో ఎల్.డి.సి.గా చేరి 2008లో రిటైరయ్యేదాకా ముప్పై అయిదేళ్ళు సర్వీసు రిజిస్టర్లలో ఎంట్రీలు వేసినవాణ్ణి. అంతకు మించిన వ్రాత నాకు తెలియదు. "ఆ రిజిస్టర్లలో ఉన్నదే వ్రాయండి, అదీ చరిత్రే కదా" అన్నారాయన. ఆ ధైర్యంతో ఈ నాలుగు మాటలు. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

ఏది వ్రాయాలో తేల్చింది మాత్రం మా మనుమడు. వాడికి విమానాల పిచ్చి. 2022 జనవరి 27న ఎయిరిండియా టాటాల చేతికి వెళ్ళింది. దాని కింద చిన్న ఊళ్ళకు చిన్న విమానాలు నడిపే అలయన్స్ ఎయిర్ మాత్రం ప్రభుత్వం దగ్గరే ఉండిపోయి, ఆ ఏప్రిల్ 15 నుండి వేరుగా వ్యాపారం మొదలుపెట్టింది. "తాతా, పెద్ద కంపెనీ నుండి చిన్న కంపెనీని విడగొడితే అందులో పైలట్లు ఏం చేస్తారు?" అని అడిగాడు. "మేం ఏం చేశామో వాళ్ళూ అదే చేస్తారురా. ముందు సీనియారిటీ లిస్టు వెతుక్కుంటారు" అన్నాను. వాడు నవ్వాడు. నేను నవ్వులాటకు అనలేదు. ఆ మాట ఎందుకన్నానో చెప్పడమే ఈ వ్యాసం.

మొదటి విభజన

కరెంటు ఉద్యోగులకు విడిపోవడం 1999లో కొత్తగా వచ్చింది కాదు. మన అనంతపురం జిల్లా 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోది. అప్పట్లో కరెంటు అంటే మద్రాసు ప్రభుత్వ విద్యుత్ శాఖ. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి ఆ శాఖ రెండయింది. 1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. అంతవరకూ నేరుగా సర్కారు నౌకర్లయినవారు ఆ రోజు నుండి బోర్డు నౌకర్లయ్యారు.

నేను చేరిన కొత్తలో ఆ కాలపు పెద్ద గుమాస్తాలు ఇంకా సర్వీసులో ఉండేవారు. వాళ్ళ సంభాషణల్లో "మేం డిపార్టుమెంటు వాళ్ళం, మీరు బోర్డు వాళ్ళు" అనే తేడా వినిపించేది. ఒకే గదిలో కూర్చుని, ఒకే క్యాంటీన్‌లో టీ త్రాగే మనుషుల మధ్య ఆ గీత ఏమిటో నాకప్పుడు అర్థం కాలేదు. నలభై తొమ్మిదో ఏట అర్థమయింది.

గేటు మీటింగుల రోజులు

1995లో రాష్ట్ర ప్రభుత్వం వేసిన హితేన్ భయా కమిటీ, బోర్డును విడగొట్టమని సిఫారసు చేసింది. 1996లో ఒరిస్సాలో విద్యుత్ బోర్డును విడగొట్టారు, దేశంలో అదే మొదలు. మన రాష్ట్రంలో ప్రపంచ బ్యాంకు అప్పుతో సంస్కరణలు వస్తున్నాయని పేపర్లలో వ్రాశారు. ఆఫీసు గేటు దగ్గర మధ్యాహ్నం మీటింగులు మొదలయ్యాయి.

ఆ మీటింగుల్లో జాతీయ విధానాల గురించి, ప్రపంచ బ్యాంకు షరతుల గురించి నాయకులు గంటలకొద్దీ మాట్లాడేవారు. మీటింగు అయిపోయాక మాత్రం లైన్‌మన్లు ఒక్కొక్కరుగా నా బల్ల దగ్గరికి వచ్చేవారు. వాళ్ళ ప్రశ్నలు వేరు.

"ఏం సార్, మమ్మల్ని గవర్నమెంటు ఇడిసిపెట్టినట్టేనా?"

"నా పింఛనీ రేపొద్దున యెవురిస్తారు సార్? కంపెనీ మునిగిపోతే యాడ అడగల్ల?"

"నేను కదిరిలో పన్జేస్తాండా. ఊరు మదనపల్లె పక్క. యే కంపెనీలో పడతానో యేమో!"

ఇంజనీర్లు, గుమాస్తాలు, అకౌంట్సువాళ్ళు ఎవరి భాషలో వారు అడిగినా చివరకు తేలేవి మూడే ప్రశ్నలు. లిస్టులో నా స్థానం ఎక్కడ? నా పెన్షనుకు పూచీ ఎవరు? వెళ్ళాక ఇష్టం లేకపోతే వెనక్కు దారి ఉందా?

త్రైపాక్షిక ఒప్పందం

మన సంఘాలు ఊరుకోలేదు. 1997లో ప్రభుత్వం, బోర్డు, ఉద్యోగ సంఘాలు కలిసి త్రైపాక్షిక ఒప్పందం చేసుకున్నాయి. దాని సారం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: బోర్డు ఎన్ని ముక్కలైనా అందులో ఉన్న ఉద్యోగి సర్వీసు షరతులు ఉన్నదానికంటే తగ్గకూడదు. 1998లో వచ్చిన విద్యుత్ సంస్కరణల చట్టంలోనూ ఆ హామీ చేరింది. పాత సర్వీసు తాలూకు పెన్షను బాధ్యత ఎవరిదో తేల్చి, దానికి బాండ్లు వ్రాసి, ట్రస్టు పెట్టారు. ఈనాడు నాకు ఒకటో తేదీ దాటగానే పెన్షను అందుతున్నదంటే ఆనాటి నాయకుల చలవే. ఆ మాట చెప్పకపోతే కృతఘ్నత అవుతుంది.

ఇలాంటి హామీపై నమ్మకం కుదరని చోట ఏమవుతుందో 2000 జనవరిలో చూశాం. ఉత్తరప్రదేశ్‌లో బోర్డును విడగొట్టినప్పుడు ఉద్యోగులు సమ్మెకు దిగారు. రాష్ట్రం చీకటిలో మునిగింది.

1999 ఫిబ్రవరి 1, సోమవారం

ఆదివారం సాయంత్రం దాకా ఏ.పి.యస్.ఇ.బి. ఉంది. సోమవారం ఉదయానికి లేదు. దాని స్థానంలో ఉత్పత్తికి జెన్కో, సరఫరా, పంపిణీలకు ట్రాన్స్‌కో వచ్చాయి. మేం ట్రాన్స్‌కోలోకి వచ్చాం. ఆ ఉదయం రబ్బరు స్టాంపు ఏది వేయాలో తెలియక తపాలా మధ్యాహ్నం దాకా బల్ల మీదే ఉండిపోయింది.

2000 ఏప్రిల్ 1న పంపిణీని మళ్ళీ నాలుగు కంపెనీలు చేశారు. మన అనంతపురం, కర్నూలు జిల్లాలను హైదరాబాదు కేంద్రంగా ఉన్న సెంట్రల్ కంపెనీలో కలిపారు. కడప, చిత్తూరు జిల్లాలు తిరుపతి కేంద్రంగా ఉన్న సదరన్ కంపెనీలోకి వెళ్ళాయి. రాయలసీమ నాలుగు జిల్లాలూ ఆ విధంగా రెండు కంపెనీల పాలయ్యాయి.

తిరుపతి దగ్గర, హైదరాబాదు దూరం, మనకిది అన్యాయమని కొందరు అన్నారు. లెక్కలు తెలిసినవారు మాత్రం లోలోపల సంతోషించారు. మన జిల్లా సంగతి పాఠకులకు తెలియనిది కాదు. వాన దేవుడు చిన్నచూపు చూసిన నేల. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. వేరుశనగ ఎండిపోయేకొద్దీ బోర్లు లోతుకు పోతాయి, మోటార్ల హార్సుపవరు పెరుగుతుంది. కరెంటు ఎక్కువ కాలుతుంది, వసూలయ్యేది తక్కువ. అలాంటి జిల్లా ఒంటరిగా ఏ కంపెనీకీ లాభం చూపలేదు. హైదరాబాదు నగరం బిల్లులు ఉన్న కంపెనీలో ఉంటే జీతాలకు ధీమా. విడిపోయేటప్పుడు ఉద్యోగి తన పక్కన ఎవరున్నారో కూడా చూసుకుంటాడు.

పైలట్ల సంగతి

ఇక్కడ మా మనుమడి ప్రశ్నకు వస్తాను. వాడు కంప్యూటరులో చూపించినవి నోటు పుస్తకంలో వ్రాసుకున్నాను. అమెరికన్ ఎయిర్‌లైన్స్ అనే పెద్ద సంస్థకు అమెరికన్ ఈగిల్ అనే చిన్న సంస్థ ఉండేది. మన త్రైపాక్షిక ఒప్పందం జరిగిన 1997లోనే అక్కడ నాలుగు పక్షాల ఒప్పందం జరిగింది. రెండు కంపెనీలు, ఇరువైపుల పైలట్ల సంఘాలు కలిసి సంతకాలు చేశాయి. చిన్న విమానాల పైలట్లు వరుస ప్రకారం పెద్ద సంస్థలోకి వెళ్ళవచ్చు. పెద్ద సంస్థలో పైలట్లను తగ్గిస్తే వారు వెనక్కు వచ్చి చిన్న సంస్థలో కెప్టెన్లుగా కూర్చోవచ్చు.

2001 సెప్టెంబరు దాడుల తర్వాత రెండో షరతుకే పని పడింది. ఉద్యోగాలు పోయిన పెద్ద పైలట్లు ఈగిల్‌లోకి దిగారు. అక్కడి కెప్టెన్లలో కొందరు కుడి పక్క సీటులోకి జరగవలసి వచ్చింది. 2007లోనూ, మళ్ళీ 2011లోనూ ఈగిల్‌ను విడిగా వదిలేస్తామని మాతృసంస్థ ప్రకటించింది. 2011 నవంబరులో తానే దివాలా రక్షణ కోరడంతో అది జరగలేదు. చివరకు 2014లో ఈగిల్ పేరు మారి ఎన్వాయ్ అయింది.

పైలట్లకు సీనియారిటీ నంబరే ఆస్తి. ఏ విమానం నడపాలి, ఏ పండుగకు ఇంట్లో ఉండాలి, నష్టం వస్తే ముందు ఎవరు ఇంటికి పోవాలి, అన్నీ ఆ నంబరే చెబుతుంది. ఒక కంపెనీ వదలి మరొక కంపెనీలో చేరితే, ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నా లిస్టులో అడుగున చేరవలసిందే. కనుక విడిపోతున్నామన్న వార్త వినగానే వారు అడిగేవీ మన లైన్‌మన్ అడిగినవీ ఒకటే: నా స్థానం, నా పూచీ, నా వెనుదారి. ఆకాశంలో ఎగిరేవాడైనా స్తంభం ఎక్కేవాడైనా కడుపు ఒకటే కదా!

మళ్ళీ విడిపోవడం

2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. అనంతపురం, కర్నూలు జిల్లాలను తిరుపతి కంపెనీకి మార్చాలని విభజన చట్టం పన్నెండవ షెడ్యూలులోనే వ్రాశారు. పధ్నాలుగేళ్ళు హైదరాబాదు వైపు చూసిన సర్కిళ్ళు రాత్రికి రాత్రి తిరుపతి వైపు తిరిగాయి. నగరం బిల్లుల ధీమా పోయింది. నేనప్పటికే పెన్షనరును. తెల్లవారి మిత్రులు ఫోను చేసి అడిగిన మొదటి మాట, "ఈ నెల పెన్షను ఏ ఊరి నుండి వస్తుంది?"

మనకంటే కష్టపడినవారు ఉన్నారు. 2015 జూన్‌లో తెలంగాణ విద్యుత్ సంస్థలు ఆంధ్రా స్థానికత పేరిట 1,157 మంది ఉద్యోగులను రిలీవ్ చేశాయి. ఇటువైపు వారిని వెంటనే చేర్చుకోలేదు. కోర్టులు తిరిగి, సుప్రీంకోర్టు 2018లో జస్టిస్ ధర్మాధికారిగారితో ఏకసభ్య కమిటీ వేసి, వ్యవహారం ఒక కొలిక్కి వచ్చేసరికి 2020 అయింది. పది పదిహేనేళ్ళ సర్వీసు ఉన్నవారు, తమది ఏ సంస్థో తెలియకుండా అయిదేళ్ళు గడిపారు.

నా బల్ల మీద ఆగిన ఫైలు

ఇంతవరకూ వ్రాసింది అందరికీ తెలిసిన చరిత్ర. ఇకపై వ్రాసేది నా ఒక్కడికే తెలుసు.

1998లో ఒక లైన్‌మన్ జబ్బు చేసి సర్వీసులోనే చనిపోయాడు. ఇంటర్ పాసయిన కొడుకు కారుణ్య నియామకానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. కాగితాలన్నీ సరిపోయి ఫైలు జనవరి మొదటి వారంలో నా బల్ల మీదికి వచ్చింది. ఒక నోటు వ్రాసి పైకి పంపాలి, అంతే. "సంక్రాంతి అయ్యాక పంపుదాంలే" అనుకున్నాను. పండుగ అయింది. పాత బోర్డు లెక్కలు ముగించే హడావుడిలో మరో పది రోజులు పోయాయి. ఉత్తర్వు ఫిబ్రవరి రెండో వారంలో వచ్చింది. ఆ పిల్లవాడు కొబ్బరికాయ, అరటిపండ్లు తెచ్చి నా కాళ్ళకు దండం పెట్టాడు.

ఆ తేదీకి అర్థం అప్పుడు వానికీ తెలియదు, నాకూ తెలియదు. 1999 జనవరి 31 నాటికి సర్వీసులో ఉన్నవారికి పాత పెన్షను, జి.పి.ఎఫ్. వర్తించాయి. ఫిబ్రవరి 1 నుండి చేరినవారిని ఇ.పి.ఎఫ్. కింద పెట్టారు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు కొత్త పెన్షను విధానం వచ్చింది 2004 సెప్టెంబరు 1 నుండి. అంటే కలెక్టరు ఆఫీసులో 2003లో చేరిన గుమాస్తాకు పాత పెన్షను ఉంది. కరెంటు ఆఫీసులో 1999 ఫిబ్రవరిలో చేరినవానికి లేదు.

వాడిప్పుడు నలభై ఎనిమిదేళ్ళవాడు. ఉగాదికి మా ఇంటికి వస్తాడు. మొన్న వచ్చినప్పుడు, "నాయన సర్వీసుకు అమ్మకు పింఛనీ వస్తాంది సార్. అదే స్తంభాలు నేనూ ఎక్కుతాండా. నేను దిగినాక యేమొస్తాదో లెక్క తెలుస్తా లేదు" అన్నాడు. నా మీద కోపంతో కాదు. అసలు ఆ ఫైలు ఎన్నాళ్ళు ఎక్కడ ఆగిందో వానికి తెలియదు. ఈ సంచిక చదివితే తెలుస్తుంది. తెలియాలనే వ్రాస్తున్నాను.

నా తప్పు ఒక్క మనిషికి సంబంధించినది. తీరిగ్గా ఆలోచిస్తే మన తరం తప్పు అంతకంటే పెద్దది. ఒప్పందం వేళ గేటు దగ్గర జెండా పట్టినవారిలో నేనూ ఉన్నాను. మన సర్వీసు, మన జి.పి.ఎఫ్., మన గ్రాట్యుటీ గురించి ప్రతి మాటా తూచి అడిగాం. "రేపు చేరబోయేవాడి సంగతి ఏమిటి?" అని మా గేటు దగ్గర ఒక్కరూ అడిగినట్లు నాకు జ్ఞాపకం లేదు. రేపు చేరబోయేవానికి ఆ గేటు దగ్గర నిలబడే హక్కు లేదు. వాని తరఫున అడగవలసింది మనమే. నేను చేరిన కొత్తలో డిపార్టుమెంటు పెద్దలు గీసిన గీతకు నొచ్చుకున్నవాణ్ణి, చివరకు అంతకంటే లోతైన గీతకు ఇవతల క్షేమంగా నిలబడ్డాను.

మనవి

ఆనాడు చేరినవారు తమకూ పాత పెన్షను ఇవ్వాలని చాలాకాలంగా అడుగుతున్నారు. వారి ధర్నా శిబిరాల్లో మన తెల్లతలలు కనబడడం తక్కువ. మనకు అందింది కదా అని ఇంట్లో కూర్చోవడం న్యాయం కాదని నా అభిప్రాయం. మనం వెళ్ళి ఒక గంట కూర్చున్నంత మాత్రాన వారికి పెన్షను వస్తుందని నేను చెప్పలేను. కానీ 1997లో అడగవలసిన మాట ఇప్పుడైనా అడిగినట్లవుతుంది.

మన సంఘం వచ్చే సమావేశంలో ఈ విషయంపై ఒక తీర్మానం పెట్టాలని కార్యదర్శిగారికి ఇందుమూలంగా మనవి చేస్తున్నాను. ప్రతిపాదించేవాడిగా నా పేరు వ్రాసుకోండి. బలపరిచేవారు ఒక్కరు ముందుకు వస్తే చాలు.