తల్లి పార్వతి, కూతురు మోహిని

మొన్న మా అమ్మాయి కాలేజీ నాటకంలో వేషం వేస్తానంటే ఇంట్లో ఎంత రభసో! నాకు దుర్గాబాయి కామత్ గుర్తొచ్చింది.

1913లో ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర' తీస్తే, తారామతి వేషం కట్టింది సాలుంకే అనే మగాయన. హోటల్లో వంటవాడట! ఆడవాళ్లెవరూ ముందుకు రాలేదు మరి. అదే ఏడాది 'మోహినీ భస్మాసుర'లో దుర్గాబాయి పార్వతిగా, ఆవిడ కూతురు కమలాబాయి మోహినిగా నటించారు. భర్తకు దూరమై, బిడ్డను ఒంటరిగా పెంచుకుంటున్న తల్లి ఆవిడ. సరదాకి వేసిన వేషం కాదండీ, అన్నం కోసం.

కమలాబాయికీ భర్త రఘునాథరావు గోఖలే తొందరగానే పోయాడు. పిల్లల్ని నటన మీదే పెంచింది. కొడుకు చంద్రకాంత్ నటుడు, మనవడు విక్రమ్ గోఖలే. 'హమ్ దిల్ దే చుకే సనమ్'లో ఐశ్వర్యా రాయ్ తండ్రిగా వేశాడే, ఆయనే. ఆ సినిమా టీవీలో వస్తే ఇప్పుడు ఆయన ముఖంలో తాతమ్మ పోలికలు వెతుక్కుంటున్నాను.