అవ్వల వైద్యం, పిల్లల నోటుపుస్తకం

ఐర్లాండు ప్రభుత్వం 1935లో జానపద విషయాలు సేకరించడానికి ఒక కమిషన్ పెట్టింది. 1937లో ఆ కమిషన్ ప్రాథమిక బడుల పెద్ద తరగతుల పిల్లలకు ఒక పని అప్పగించింది. ఇంట్లో అవ్వను, తాతను, ఊరి పెద్దలను అడిగి, వాళ్లు చెప్పింది రాసుకురావాలి. వారంవారం వ్యాసం రాయించే గంటనే దీనికి కేటాయించారు. ఏమేం అడగాలో టీచర్లకు చిన్న పుస్తకం పంపారు. దాదాపు 5,000 బడులు ఇందులో చేరాయి. లక్షల పేజీలు పోగయ్యాయి.

వాటిలో నాటువైద్యం చాలా ఉంది. తెగిన గాయం మీద సాలెగూడు అద్దేవారు. పులిపిరి మీద నత్తను రుద్ది ముల్లుకు గుచ్చేవారు. నత్త ఎండేకొద్దీ పులిపిరి కూడా ఎండి రాలుతుందని నమ్మకం. కోరింత దగ్గు పట్టిన బిడ్డను గాడిద కడుపు కింద నుంచి మూడుసార్లు దాటించేవారు. మధ్యలో ఆడపిల్ల లేకుండా వరుసగా పుట్టిన ఏడో కొడుకు చేయి తగిలితే జబ్బు పోతుందనేవారు. కొన్ని వైద్యాలు ఒక్కో కుటుంబానికే సొంతం. వాటికి డబ్బు తీసుకోకూడదు. మనలో కూడా కొందరు ముసలివాళ్లు ఇదే మాట అంటారు.

ఇవన్నీ ఉత్త మూఢనమ్మకాలేనా? ఉత్తర ఐర్లాండులో బోహో అనే ఊరుంది. అక్కడి చర్చి స్మశానం మట్టిని గుడ్డలో కట్టి, పంటినొప్పికీ మరికొన్ని బాధలకూ తలగడ కింద పెట్టుకునేవారు. ఆ చోటి మట్టిని పరీక్షించిన శాస్త్రవేత్తలు, మామూలు మందులకు లొంగని క్రిములను ఆపే ఒక సూక్ష్మజీవి అందులో ఉందని 2018లో ప్రకటించారు. అంతమాత్రాన ఆ మట్టి మందయిపోలేదు.

మెచ్చుకోలేని సంగతి కూడా చెప్పాలి. 1895లో టిప్పరరీ ప్రాంతంలో బ్రిడ్జెట్ క్లియరీ అనే యువతికి జబ్బు చేసింది. కంటికి కనపడని జనం ఆమెను ఎత్తుకుపోయి, ఆమె రూపంలో వేరొకరిని వదిలారని భర్త అనుకున్నాడు. బంధువులు చూస్తుండగా పాలలో కాచిన ఆకుమందు బలవంతంగా తాగించారు. చివరకు భర్త ఆమెను కాల్చేశాడు. కోర్టు అతనికి 20 ఏళ్ల శిక్ష వేసింది. చేతబడి పేరుతో మన ఆడవాళ్లను కొట్టిన వార్తలు చదివినవారికి ఇది దూరదేశపు కథ అనిపించదు.

పిల్లల పుస్తకాల్లో నాకు బాగా నచ్చినది మరొకటి. చాలా పేజీల్లో రాసిన పిల్లవాడి పేరుతోపాటు, చెప్పిన పెద్దల పేరు, ఊరు కూడా ఉంటాయి. మన గూడేల్లో మందుచెట్ల సంగతులు రాసుకుపోయినవాళ్లు ఎందరో. చెప్పిన అవ్వ పేరు అచ్చయింది మాత్రం నేను ఎక్కడా చూడలేదు.